ఆకుచాటు పిట్ట

మీ ఇంటి దగ్గర వేపచెట్టు ఉన్నదా? పోనీ, చింతచెట్టుగాని మామిడిచెట్టుగాని ఉన్నదా? ఉంటే ఒక చిన్న పని చెయ్యండి. వానాకాలంలో ఒకనాడు పొద్దున్నే, బడికి బయలుదేరే ముందు, ఆ చెట్టు కింద ఒక్క పది నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. మొదట కాకి అరుస్తుంది. తరువాత ఉడత కిచకిచమంటుంది. ఆ సందడి కాస్త తగ్గాక, ఆకుల్లోంచి ఎవరో సన్నగా, పొడుగ్గా ఈల వేసినట్టు వినబడుతుంది: “వీ......చూ!” ఆ ఈల తీగలాగా సాగి సాగి, చివర చటుక్కున కిందికి జారుతుంది.

మీరు తలెత్తి చూస్తారు. ఆకులు తప్ప ఏమీ ఉండదు. ఇంతలో అదే ఈల పక్క కొమ్మలోంచి వస్తుంది. అటు తిరుగుతారు. అక్కడా ఆకులే! వెతికి వెతికి మెడ నొప్పి పుడుతుంది గాని పిట్ట మాత్రం కనబడదు.

ఈ దాగుడుమూత లాడేది పచ్చజిట్ట. ఇంగ్లీషులో దీన్ని ‘ఐయోరా’ అంటారు. ఇది ఎక్కడో హిమాలయాల మీద ఉండే పిట్ట కాదు. చలికాలంలో దూరదేశం నుంచి వచ్చిపోయే అతిథి కూడా కాదు. ఏడాది పొడుగునా మన ఊళ్ళలోనే, మన పెరటి చెట్లలోనే కాపురం ఉంటుంది. అయినా దీన్ని చూశామని చెప్పేవాళ్ళు అరుదు.

నేను పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణే. అయినా నడివయసు వచ్చేదాకా నేనూ దీన్ని ఎరగను. ఎరగకపోవటంవల్ల ఒక తప్పు కూడా చేశాను. ఆ సంగతి తరువాత చెబుతాను. ముందు పిట్టను చూద్దాం.

పిట్ట రూపం

పచ్చజిట్ట ఇంచుమించు పిచ్చుకంత ఉంటుంది. ముక్కు కొన నుంచి తోక కొన దాకా కొలిస్తే సుమారు 14 సెంటీమీటర్లు, అంటే అయిదున్నర అంగుళాలు. బరువు 12 నుంచి 17 గ్రాములు. నాలుగు రూపాయి బిళ్ళలు అరచేతిలో పెట్టుకుంటే ఎంత బరువో, దాదాపు అంతే!

ఆడపిట్ట వీపు ఆకుపచ్చ, కడుపు లేత పసుపు. రెక్కలు కొంచెం ముదురు రంగు. ఒక్కొక్క రెక్క మీద రెండేసి తెల్లని పట్టెలు ఉంటవి. మగపిట్టకు రెక్కలూ తోకా నలుపు. వాటి మీద కూడా ఆ తెల్లపట్టెలు ఉంటవి. గూళ్ళు కట్టే కాలం వచ్చేసరికి మగపిట్ట వేషం మారుతుంది. గొంతూ రొమ్ము పసుపు పూసినట్టు మెరుస్తవి. మన దక్షిణాదిన నెత్తీ వీపు కూడా నల్లబడతవి. పెళ్ళికొడుకు పసుపు చొక్కా మీద నల్లకోటు తొడుక్కున్నట్టు ఉంటుంది! పిల్లలు పెద్దవై ఎగిరిపోయాక, ఆ నల్లని ఈకలు రాలి, వాటి చోట పచ్చని ఈకలు వస్తవి. అప్పుడు రెక్కల నలుపునూ తోక నలుపునూ బట్టి మాత్రమే మగపిట్టను గుర్తుపట్టాలి.

ఇంత మెరిసే పిట్ట మనకెందుకు కనబడదు? పసుపు రంగు దూరానికి కూడా కనబడేదే గదా!

ఒకసారి ఎండ కాస్తున్నప్పుడు చెట్టు కింద నిలబడి ఆకులను కిందినుంచి చూడండి. ఆకులన్నీ ఒకే రంగులో ఉండవు. ఎండ తగిలిన ఆకు పసుపుగా మెరుస్తుంది. నీడలో ఉన్న ఆకు ముదురు పచ్చగా, ఇంకా లోపలిది నల్లగా కనబడుతుంది. ఆకుల సందుల్లోంచి ఆకాశం తెల్లని చారలుగా తొంగిచూస్తుంది. పసుపు, పచ్చ, నలుపు, తెల్ల చారలు! పచ్చజిట్ట ఒంటిమీద ఉన్న రంగులు కూడా సరిగ్గా ఇవే. పిట్ట కదలకుండా కూచుంటే, మన కన్ను దాన్ని కూడా ఎండా నీడా అనుకుని దాటిపోతుంది.

నా మాట నమ్మకపోతే మీరే పరీక్ష చేసి చూడండి. ఒకే కొలతలో పది పసుపుపచ్చ కాగితపు ముక్కలు, పది ఎర్రని ముక్కలు కత్తిరించండి. మీ అన్నయ్యనో అక్కయ్యనో అడిగి వాటిని ఒక గుబురుచెట్టు కొమ్మలకు దారంతో అక్కడక్కడా కట్టించండి. తరువాత మీ స్నేహితుణ్ణి పిలిచి, రెండు నిమిషాల్లో ఎన్ని దొరుకుతవో లెక్కపెట్టమనండి. ఏ రంగువి ఎక్కువ దొరికినవో, ఏ రంగువి దొరకలేదో ఒక కాగితం మీద రాసుకోండి. పచ్చజిట్ట రహస్యం తెలుస్తుంది. ఆట అయ్యాక కాగితాలూ దారాలూ విప్పెయ్యటం మరిచిపోవద్దు. ఆ దారం ఏ పిట్ట కాలికైనా చుట్టుకుంటే ప్రమాదం.

చెట్టుకు కావలివాడు

పచ్చజిట్ట నేలమీదికి దిగటం అరుదు. దాని బతుకంతా చెట్టుమీదే. పొద్దుపొడిచింది మొదలు కొమ్మ కొమ్మా తిరుగుతూ, ప్రతి ఆకునూ పైనా కిందా పరీక్ష చేస్తుంది. ఆకు వెనక పురుగు ఉంటే కొమ్మకు తలకిందులుగా వేలాడి మరీ పట్టుకుంటుంది. గొంగళి పురుగులు, చిన్న చిన్న రెక్కల పురుగులు, సాలెపురుగులు, పురుగుల గుడ్లు దాని ఆహారం. అప్పుడప్పుడు పువ్వుల్లో తేనె కూడా తాగుతుంది.

మగపిట్టా ఆడపిట్టా జంటగా తిరుగుతవి. ఒకటి ఒక కొమ్మ మీద వెతుకుతుంటే, రెండోది ఇంకో కొమ్మ మీద వెతుకుతుంది. దట్టమైన ఆకుల్లో ఒకదానికొకటి కనబడవు. అందుకని మధ్య మధ్య పిలుచుకుంటూ ఉంటవి. వంటింట్లో ఉన్న అమ్మా, పెరట్లో ఉన్న నాన్నా ఒకరినొకరు కేకవేసి పలకరించుకున్నట్టే! గూళ్ళ కాలం దాటాక ఇతర జాతుల చిన్నపిట్టలతో జట్టుకట్టి, చెట్టు నుంచి చెట్టుకు గుంపుగా సాగటం కూడా కద్దు. నలుగురూ కలిసి తిరిగితే డేగ వచ్చేది ఎవరో ఒకరు ముందే చూస్తారు గదా!

చెట్టు తన ఆకులను తాను కాపాడుకోలేదు. పురుగులు తినేస్తుంటే చేతులతో దులుపుకోలేదు. అందుకని చెట్టుకు ఇటువంటి కావలివాళ్ళు కావాలి. ఈ కావలివాడికి మనం జీతమివ్వనక్కరలేదు. కాసింత చోటు ఇస్తే చాలు.

నలుగురే ఉన్న కుటుంబం

మనుషుల్లో పెద్ద కుటుంబాలూ చిన్న కుటుంబాలూ ఉన్నట్టే పక్షుల్లో కూడా ఉన్నవి. కాకుల కుటుంబంలో వందకు పైగా జాతులున్నవి. పచ్చజిట్టల కుటుంబంలో ఉన్నవి నాలుగంటే నాలుగే. అవి కూడా మన ఉపఖండం నుంచి ఆగ్నేయాసియా దీవుల వరకు తప్ప ప్రపంచంలో మరెక్కడా లేవు.

మొదటిది మన పెరటి పచ్చజిట్ట. నలుగురిలోకీ ఇదే ఎక్కువ దేశాలు చుట్టింది. ఇండియా, శ్రీలంక, బర్మా, థాయిలాండు, మలయా, సుమత్రా, జావా, బోర్నియో వరకు ఉన్నది.

రెండోది మార్షల్ ఐయోరా. గుజరాతు, రాజస్థాన్ వంటి వాన తక్కువ ప్రాంతాల్లో, తుమ్మచెట్ల మధ్య ఎక్కువగా ఉంటుంది. దీని తోకలో తెలుపు ఎక్కువ. మార్షల్ అనే ఆయన 1876లో దీన్ని వేరే జాతిగా వర్ణించాడు.

మూడోది పెద్ద ఐయోరా. బర్మా, థాయిలాండు, వియత్నాం వైపు అడవుల్లో ఉంటుంది. అన్నిటికన్నా పెద్దది, ముక్కు బలమైనది. దీని రెక్కల మీద తెల్లపట్టెలు ఉండవు.

నాలుగోది ఆకుపచ్చ ఐయోరా. ఇది మలయా, సుమత్రా, బోర్నియో పల్లపు అడవుల్లో ఉంటుంది. మగపిట్ట ఒళ్ళంతా ముదురాకుపచ్చ. కంటి చుట్టూ పసుపు గీత. దీన్ని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ఈ కుటుంబం సంగతి తేల్చటానికి శాస్త్రజ్ఞులకు చాలాకాలం పట్టింది. స్వీడన్ దేశపు లిన్నేయస్ 1758లో మన పచ్చజిట్టకు శాస్త్రీయ నామం పెట్టాడు. ఆయన బంగాళం ఎన్నడూ రాలేదు. బంగాళం నుంచి వెళ్ళిన పిట్టను చూసి ఎడ్వర్డ్స్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు వేసిన బొమ్మను ఆధారం చేసుకున్నాడు. దాన్ని కాటుకపిట్టల వర్గంలో చేర్చాడు. కాటుకపిట్ట నీటి ఒడ్డున, నేలమీద తోక ఊపుకుంటూ నడిచే పిట్ట. పచ్చజిట్ట చెట్టు దిగదు! ఆ పొరపాటు తరువాతివాళ్ళు దిద్దారు.

అటుపిమ్మట చాలాకాలంపాటు దీన్ని లీఫ్ బర్డు అనే ఆకుపిట్టతో కలిపి ఒకే కుటుంబమన్నారు. అదీ పచ్చగా ఉంటుంది, ఇదీ పచ్చగా ఉంటుంది. రెండూ ఆకుల్లోనే తిరుగుతవి. చుట్టాలనుకోవటంలో వింత ఏమున్నది? కాని ఇటీవలి దశాబ్దాలలో పక్షుల డీఎన్ఏను, అంటే జీవకణాల్లో ఉండి వంశ లక్షణాలను మోసే పదార్థాన్ని, పోల్చి చూశారు. ఆకుపిట్టకూ పచ్చజిట్టకూ దగ్గర చుట్టరికం లేదని తేలింది. పచ్చజిట్టకు అంతకన్నా దగ్గరివాళ్ళు ఎక్కడో ఆఫ్రికా పక్కన మడగాస్కర్ దీవిలో ఉన్న వాంగా పిట్టలట! ఒకే రకం ఇంట్లో ఒకే రకం పని చేసుకుంటూ బతికేవాళ్ళకు ఒకే రకం బట్టలు అమిరినవి, అంతే. ముఖం చూసి చుట్టరికం చెప్పకూడదని మన పెద్దలు అనేది ఇందుకే.

శాస్త్రజ్ఞులు ఇలా తికమక పడుతున్న రోజుల్లో మన పల్లెటూరివాళ్ళకు ఈ పిట్ట బాగా తెలుసు. నెల్లూరులో కొన్నాళ్ళు వైద్యుడుగా ఉన్న జెర్డన్ అనే ఆయన 1862-64 సంవత్సరాలలో మన దేశపు పక్షులను గురించి గొప్ప గ్రంథం ప్రకటించాడు. అందులో పక్షుల తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. ఆ పేర్లు ఆయన సొంతంగా పెట్టినవి కావు. పల్లెల్లో, అడవుల్లో తిరిగేవాళ్ళు చెప్పినవే.

సాలెగూటి ఇల్లు

వానలు పడి చెట్లు చిగిర్చి, పురుగూ పుట్రా పెరిగే కాలంలో పచ్చజిట్టలు ఎక్కువగా గూళ్ళు కడతవి. దానికి ముందు మగపిట్ట ఒక వేడుక చేస్తుంది. కొమ్మ మీద నుంచి నిట్టనిలువుగా పైకి ఎగురుతుంది. పైకి వెళ్ళి, తన పక్కల ఉన్న తెల్లని, మెత్తని ఈకలన్నీ ఉబ్బిస్తుంది. అప్పుడది పిట్టలాగా ఉండదు. పసుపూ తెలుపూ కలిసిన దూది బంతిలాగా ఉంటుంది. ఆ బంతి సన్నగా ఈల వేస్తూ, గిరికీలు కొడుతూ, మెల్లిగా కిందికి దిగి కొమ్మ మీద వాలుతుంది. వాలాక రెక్కలు కిందికి జార్చి, తోక విసనకర్రలాగా విప్పుతుంది. ఇదంతా ఆడపిట్ట చూసి మెచ్చుకోవాలని!

గూడు చూస్తే మీరు ముక్కుమీద వేలేసుకుంటారు. రెండు పుల్లలు చీలిన చోట చిన్న గిన్నెలాగా కడతవి. మెత్తని గడ్డి పోచలు గుండ్రంగా చుట్టి, బయట అంతా సాలెగూడు దారాలతో అలుకుతవి. సాలెదారాన్ని తక్కువగా చూడకండి. తూకానికి తూకం చూస్తే అది ఉక్కుతో సరితూగే బలం గలది. పైగా అంటుకుంటుంది, సాగుతుంది. గాలికి కొమ్మ ఊగినా గిన్నె విడిపోదు. దూరం నుంచి చూసేవాళ్ళకు అది కొమ్మమీద కణుపులాగే ఉంటుంది.

ఆ గిన్నెలో రెండో, మూడో, ఒక్కొక్కసారి నాలుగో గుడ్లు పెడుతుంది. తల్లీ తండ్రీ వంతులవారీగా పొదుగుతవి. ఇంచుమించు రెండు వారాలకు పిల్లలు బయటికి వస్తవి. తరువాత ఇద్దరికీ తీరికే ఉండదు. పురుగులు తేవటం, నోట్లో పెట్టటం, మళ్ళీ వెళ్ళటం, పొద్దుగూకేదాకా ఇదే పని.

అపాయాలకూ కొదవలేదు. పాములు, తొండలు, కాకులు, జెముడుకాకులు గుడ్లనూ పిల్లలనూ తింటవి. కోకిల జాతికే చెందిన ఒక చారల పిట్ట దొంగతనంగా వచ్చి, పచ్చజిట్ట గూట్లో తన గుడ్డు పెట్టిపోతుంది. ఇన్ని గండాలు గడిచి ఒక పిల్ల ఎగిరిందంటే గొప్ప సంగతే.

ఈ గండాలకు తోడు, ఒక ఏడు నేను కూడా ఒక గండమైనాను.

నేను చేసిన తప్పు

చాలా ఏళ్ళ కిందటి మాట. ఒక పల్లెటూరి బడికి నేను కొత్తగా ప్రధానోపాధ్యాయుడుగా వెళ్ళాను. బడి ఆవరణలో పెద్ద వేపచెట్టు ఉండేది. దాని కొమ్మ ఒకటి జెండాకర్ర మీదికి వంగి ఉండేది. ఆగస్టు పదిహేను దగ్గరపడింది. జెండా పైకి వెళ్ళేటప్పుడు కొమ్మకు తగులుకుంటుందేమోనని నాకు దిగులు పట్టుకున్నది. ఒక మనిషిని పిలిపించి, “ఆ కొమ్మ కొట్టెయ్యి” అన్నాను. పైకి ఒక్కసారి తేరిపార చూసింది లేదు. అరగంటలో కొమ్మ నేలమీద పడ్డది.

పిల్లలు ఆ కొమ్మను ఈడుస్తున్నారు. ఇంతలో ఆరో తరగతి అమ్మాయి ఒకతె, “మాస్టారూ! ఆపమనండి!” అని అరిచింది. వెళ్ళి చూశాను. చివరి రెమ్మల మధ్య, నా పిడికిలి పట్టేంత చిన్నగిన్నె. అంత ఎత్తునుంచి పడినా ఆ గిన్నె చెక్కుచెదరలేదు. లోపల ఉన్నవి మాత్రం చితికిపోయినవి. రెండు గుడ్లు.

“ఇది ఏ పిట్టదండీ?” అని అడిగింది ఆ అమ్మాయి.

నాకు తెలియదు. లెక్కల్లోనో, చరిత్రలోనో ఏదైనా అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. మా బడి చెట్టుమీద కాపురమున్న పిట్ట పేరు నాకు తెలియదు. తెలియదని అనటానికి కూడా నోరు రాక ఊరుకున్నాను.

ఆ సాయంత్రం బడి వదిలాక కూడా నేను అక్కడే ఉన్నాను. మిగిలిన కొమ్మల్లో ఒక పిట్ట “వీ... చూ!” అని ఈల వేస్తున్నది. ఇంకొకటి జవాబు పలుకుతున్నది. కొమ్మ ఉండిన చోటికి ఎగిరి వస్తవి. అక్కడ వాలటానికి ఏమీ లేదు. మళ్ళీ వెనక్కు వెళతవి. మేకలు తోలుకుపోతున్న ముసలాయన ఒకాయన అటుగా వచ్చాడు.

“తాతా, ఆ ఈల వేసేది ఏ పిట్ట?” అని అడిగాను.

ఆయన చెట్టు వైపు చూడనైనా చూడలేదు. “పచ్చజిట్ట గదయ్యా! రోజూ పొద్దున మీ పిల్లకాయలు ప్రార్థన చేసేటప్పుడు కూస్తానే ఉంటది. మీరు ఇనలా?” అన్నాడు.

వినలేదు. వినబడుతూనే ఉన్నది గాని నేను వినలేదు.

మర్నాడు ఆరో తరగతికి వెళ్ళి, “నిన్న నువ్వడిగినదానికి జవాబు తెలుసుకున్నానమ్మా. అది పచ్చజిట్ట గూడు. చూడకుండా కొమ్మ కొట్టించటం నా తప్పే” అని చెప్పాను. పిల్లల ముందు తప్పు ఒప్పుకుంటే పెద్దరికం పోతుందనుకునేవాణ్ణి. ఏమీ పోలేదు. ఆ వారంలోనే పిల్లలు నా గదికి వచ్చి, బడిలోని చెట్లమీద తాము చూసిన పిట్టల పేర్లన్నీ చెప్పటం మొదలుపెట్టారు. కొన్ని నాకు తెలుసు. చాలా నాకు తెలియవు.

ఆ మరుసటి ఏడు వానలకు ముందే ఒక పని చేశాం. కొమ్మ జోలికి పోలేదు. జెండాకర్రనే పది గజాలు జరిపించాం. అంత సులువైన ఉపాయం మొదటిసారి నాకెందుకు తట్టలేదో!

కొమ్మ పోతే, అడవి పోతే

ఒక కొమ్మ పోతే ఒక గూడు పోయింది. ఆ జంట ఇంకో చెట్టు చూసుకోగలదు. మన పచ్చజిట్టకు తోటలైనా, పెరళ్ళైనా, పొదలైనా సరిపోతవి. అందుకే అది ఇన్ని దేశాల్లో నిలిచి ఉన్నది.

కాని నాలుగో అన్నదమ్ముడు, ఆ ఆకుపచ్చ ఐయోరా సంగతి వేరు. మలయా, సుమత్రా, బోర్నియోల పల్లపు అడవే దాని ఇల్లు. పెరళ్ళలో సర్దుకునే అలవాటు దానికి లేదు. ఆ అడవులను కలప కోసం, పామాయిలు తోటల కోసం విపరీతంగా నరికారు. అక్కడ కొట్టింది ఒక కొమ్మ కాదు. కొండ అంచు నుంచి సముద్రం దాకా ఉన్న అడవి. ఆకుపచ్చ ఐయోరా ఇప్పుడు ప్రమాదపు అంచుకు చేరుతున్న జాతుల్లో ఒకటని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ లెక్కకట్టింది.

అది దూరదేశపు కథ అనుకోవద్దు. ఇండోనేషియా, మలేషియాల నుంచి మన దేశానికి ఏటా ఎంతో పామాయిలు దిగుమతి అవుతుంది. మన వంటింట్లో గారెలు వేగే మూకుడుకూ, ఆ అడవిలో ఈల వేసే పిట్టకూ మధ్య ఒక దారి ఉన్నదన్నమాట. దీనికి నూనె మానెయ్యటం ఒక్కటే మందని నేను చెప్పను. ఉన్న అడవి నరకకుండా, ఇదివరకే సాగులో ఉన్న నేలలో తోటలు వెయ్యటం చేతనవును. కాని ఆ మాట అడగాలంటే, అక్కడొక పిట్ట ఉన్నదని ముందు మనకు తెలియాలి గదా! ఆనాడు నేను కొమ్మ కొట్టించింది పిట్టమీద పగతో కాదు. అక్కడ పిట్ట ఉన్నదని తెలియక. లోకంలో ఇటువంటి నష్టాలు పగవల్ల జరిగేవాటికన్నా తెలియకపోవటంవల్ల జరిగేవే ఎక్కువేమో!

మీరు చెయ్యవలసినవి

పిల్లలూ, పచ్చజిట్టను చూడాలంటే ముందు చెవులతో వెతకండి. ఈల విన్నాక చెట్టంతా గాలించకండి. ఒకే చోట నిలబడి, కదిలే ఆకు కోసం చూడండి. గాలికి కదిలితే కొమ్మంతా కదులుతుంది. పిట్ట కదిలిస్తే ఒక్క రెమ్మే కదులుతుంది. అక్కడ చూపు నిలపండి. చూసిన రోజు, చెట్టు పేరు, పిట్ట ఏం చేస్తున్నదో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. గూడు కనబడితే ముట్టుకోవద్దు, దగ్గర గుంపు కట్టవద్దు. మీరు గూటి దగ్గర నిలబడినంతసేపూ తల్లిపిట్ట రాదు. మీరు చూసిన చోటు కాకి కూడా చూస్తుంది.

పెద్దలకొక మనవి. కొమ్మ కొట్టించక తప్పకపోతే, ముందు రెండు పూటలు ఆ కొమ్మను గమనించండి. పిట్ట గడ్డిపోచగాని పురుగుగాని ముక్కున కరుచుకుని పదే పదే ఒకే చోటికి వెళుతున్నదంటే, అక్కడ సంసారం ఉన్నదని అర్థం. నెలరోజులు ఆగితే పిల్లలు ఎగిరిపోతవి. పెరటి చెట్టుకు నాలుగు పురుగులు పట్టగానే మందు చల్లకండి. ఆ పురుగుల కోసమే వచ్చేవాడొకడు దారిలో ఉండవచ్చు.

చివరకు మా వేపచెట్టు సంగతి. ఆ మరుసటి ఏడు దానిమీద గూడు కనబడలేదు. ఆ పై ఏడు ఆగస్టు పదిహేనున జెండా ఎగరేసి, అందరం నిశ్శబ్దంగా నిలబడి ఉన్నాం. వేపచెట్టు నుంచి సన్నగా, పొడుగ్గా ఈల వినబడింది: “వీ......చూ!” ఎనిమిదో తరగతి వరసలో ఆ అమ్మాయి నిలబడి ఉన్నది. నా వైపు చూసి నవ్వింది. నేనూ నవ్వాను. ఇద్దరమూ తలెత్తి చూడలేదు. చూసినా కనబడేది ఆకులే గదా! కాని అక్కడ ఎవరున్నారో ఈసారి మా బడిలో అందరికీ తెలుసు.